అట్లాంటా పెట్టెల్లో ఒంగోలు తాతలు

వంశచరిత్ర రాయదలచిన తెలుగువారందరికీ కాగితం సమానంగా దొరకదు. రాజవంశాలకు శాసనాలున్నాయి. అగ్రహారీకులకు ఇనాం పత్రాలున్నాయి. కరణాల ఇళ్ళలో కవిలెకట్టలు ఉండేవి. కొన్ని గ్రామాలకు మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులున్నాయి. ఊరి చివర తోలు పదును పెట్టి చెప్పులు కుట్టినవాని పేరు మాత్రం వీటిలో అరుదు. ప్రస్తావన ఉన్నా కులం పేరుతోనే ముగుస్తుంది. మాదిగల వంశక్రమాన్ని డక్కలివారు జాంబపురాణంతో పాటు నోటిమాటగా నిలిపారు. అది కథనం, అందులో తేదీలు వెదకడం వృథా. అటువంటి కుటుంబాలలో అనేకం మొదటిసారి, పేరుతో, తేదీతో కాగితానికెక్కినది పందొమ్మిదవ శతాబ్దపు క్రైస్తవ సంఘాల పుస్తకాలలోనే. ఆ సంఘాలను నడిపిన మిషనరీల ఉత్తరాలు, నివేదికలు నేడు అమెరికాలో ఉన్నాయి.

దీని వెనుక చరిత్ర చిన్నది కాదు. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనును నెలకొల్పాడు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరాడు. జాన్ క్లౌ 1866లో ఒంగోలుకు వచ్చాడు. 1867 జనవరి 1న అక్కడ ఎనిమిదిమంది సభ్యులతో సంఘం ఏర్పడింది. 1876–78 నాటి ధాత కరువులో, సర్వేయరు పని ఎరిగిన క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం గుత్తకు తీసుకొని కూలి చూపించాడు. కూటికోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అమెరికా పత్రికలకు అదొక గొప్ప సంఖ్య. నేటి వారసునికి మాత్రం ఆ సంఖ్యలో తన ముత్తాత ఒక్కడే కావాలి.

ఆ ఒక్కడిని పట్టుకోవడం సాధ్యమేనని యర్రగుంట్ల పేరయ్య ఉదాహరణ చూపుతుంది. తాళ్ళకొండపాడుకు చెందిన పేరయ్య తోళ్ళ వర్తకుడు, మాదిగ, యోగబోధ పొందినవాడు. వర్తకం మీద ఉత్తరాదికి పోయినపుడు ఏలూరు ప్రాంతంలో క్రైస్తవ బోధ విని, 1866లో బాప్తిస్మం పొంది, ఒంగోలు ప్రాంతపు తొలి బోధకులలో ఒకడైనాడు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఇటువంటి పెద్దలు చెప్పిన కథలను వ్రాసుకొని, 'చెప్పులు కుట్టుతూ' అనే అర్థం వచ్చే పేరుతో 1899లో ఇంగ్లీషు పుస్తకంగా ప్రకటించింది. పేరయ్యకు దక్కిన ఈ విస్తారమైన కథనం తక్కినవారికి దక్కలేదు. వారికి మిగిలినది ఒక వరుస, ఒక సంతకం లేదా ఒక వేలిముద్ర.

వెదుకులాట ఇంటి నుండే మొదలు కావాలి. పెద్దల నుండి ఊరి పేరు, ఇంటిపేరు, సంఘం పేరు, ఏ శాఖ అన్న నాలుగు సంగతులు తెలుసుకోనిదే ఏ గ్రంథాలయమూ ఉపకరించదు. వీటిలో శాఖ అన్నిటికంటె ముఖ్యం. బాప్టిస్టులు శిశువులకు బాప్తిస్మమివ్వరు. విశ్వాసం ఒప్పుకొన్న తరువాతనే ఇస్తారు. కనుక వారి పుస్తకంలోని తేదీ నుండి పుట్టిన సంవత్సరాన్ని లెక్కకట్టరాదు. లూథరన్లు శిశుబాప్తిస్మమిస్తారు, వారి నమోదులో తల్లిదండ్రుల పేర్లు దొరికే అవకాశముంది, జన్మతేదీకి దగ్గరి ఆధారమూ అవుతుంది. ఈ తేడా గుర్తించనివారు వంశవృక్షంలో ఒక తరాన్ని తారుమారు చేసుకుంటారు.

రెండవది పెళ్ళి పుస్తకం. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం వివాహ నమోదును తప్పనిసరి చేసింది. అందులో వధూవరుల పేర్లు, వయస్సు, వృత్తి, నివాసం, తండ్రుల పేర్లు ఉంటాయి; తల్లుల పేర్లకు చోటు లేదు. స్వదేశీ క్రైస్తవుల పెళ్ళికి వరునికి 16, వధువుకు 13 ఏండ్లు దాటి ఉండాలని ఆనాటి చట్టం విధించింది. జన్మపత్రాలు లేని కాలంలో ఆ గడిలోని అంకె వాస్తవ వయస్సు కంటె చట్టపు హద్దునే అనుసరించి ఉండవచ్చు. సంతకానికి బదులు గుర్తు ఉంటే చదువు లేదని గ్రహించవచ్చు. తండ్రి గుర్తు పెట్టిన చోట కొడుకు తెలుగులో సంతకం చేస్తే, ఆ రెండు గడుల నడుమ ఒక పాఠశాల ఉన్నదన్నమాట. ఏ వంశచరిత్రలోనైనా అంతకంటె పెద్ద సంఘటన అరుదు.

మూడవది పాత పత్రికలు. బోస్టను నుండి వెలువడిన బాప్టిస్టు మిషనరీ మ్యాగజైన్ సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్, హాతీట్రస్ట్‌లలో చదవడానికి లభిస్తున్నాయి. వాటిలో ఒంగోలు, నెల్లూరు, రామాయపట్నం, వినుకొండ కేంద్రాల నివేదికలు, బోధకుల, బైబిలు స్త్రీల ప్రస్తావనలు ఉంటాయి. ఇక్కడ చిక్కు అక్షరాలది. రామాయపట్నం 'రామపట్నం' అయింది, కంభం 'కుంబుం' అయింది. 'అయ్య'తో ముగిసే పేర్లు 'ఇయా' అయ్యాయి. ఇంటిపేరు తరచు ఎగిరిపోయింది. కనుక ఒక్క పేరును అయిదారు విధాల వ్రాసి వెదకాలి. పేరు దొరకకపోతే ఊరి పేరుతో, అదీ కాకపోతే మిషనరీ పేరుతో చదువుకుంటూ పోవాలి. పాలనా సరిహద్దులూ మారాయి: ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలోనిది, తరువాత గుంటూరు జిల్లాలోనిది, ప్రకాశం జిల్లా 1970లో గాని ఏర్పడలేదు.

అచ్చుకాని కాగితాల కోసం బాప్టిస్టు కుటుంబాలవారు జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో ఉన్న అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీని, లూథరన్ కుటుంబాలవారు ఆ సంఘపు భాండాగారాలను ఆశ్రయించాలి. డాలసులోనో న్యూజెర్సీలోనో ఉన్న మునిమనుమరాలికి తాతగారి ఊరికంటె ఈ పెట్టెలే దగ్గర. అయితే ఇక్కడ ఉన్నవి ప్రధానంగా మిషనరీల ఉత్తరాలు, నివేదికలు. బాప్తిస్మపు, పెళ్ళి పుస్తకాలకు స్థానిక సంఘాన్నే అడగాలి. ఆ పుస్తకాలకు చెద, తేమ శత్రువులు. సంఘ పెద్దల అనుమతితో పుటలను ఫొటో తీయించడం ఆలస్యం చేయరాని పని.

పుస్తకంలో ఒక పేరు హఠాత్తుగా ఆగిపోతే మరణమనే అనుకోనక్కరలేదు. బర్మాకో నాటాలుకో పోయి ఉండవచ్చు. నాటాలు ఓడల పట్టికలలో కూలీ సంఖ్యతోపాటు తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఊరు నమోదయ్యాయి. అక్కడి తెలుగు బాప్టిస్టుల కోసం 1903లో జాన్ రంగయ్య వెళ్ళడమే ఆ వలసకు నిదర్శనం.

చదివేటపుడు మిషనరీ ఉత్తరం ఎవరికోసం వ్రాసినదో మరువరాదు. అమెరికాలోని దాతలకు పంపిన నివేదికలో మార్పుకు ముందరి జీవితం చీకటిగాను, తరువాతిది వెలుగుగాను కనిపించడం సహజం. పేరయ్య విషయంలో యోగసాధన కూడా కథలో నిలిచింది. ఎందరి విషయంలోనో అటువంటిది జారిపోయి ఉంటుంది. డక్కలివారి కథనం, ఇంటి పెద్దల మాట, సంఘపు పుస్తకం ఒకదానినొకటి సరిచూడడానికి పనికివస్తాయి. ఏ ఒక్కటీ తక్కినవాటిని కొట్టివేయదు.

చివరిది అన్నిటికంటె బరువైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. తరువాత సిక్కులకు, బౌద్ధులకు విస్తరించింది గాని క్రైస్తవులకు కాదు. ఆంధ్రలో క్రైస్తవంలోకి మారిన దళితులు బి.సి.-సి వర్గంలోకి వస్తారు. అందువల్ల అనేక కుటుంబాలలో సంఘంలో ఒక పేరు, బడి పత్రంలో మరొక పేరు నిలిచాయి. దూరదేశంలో ఉన్నవారికి ముత్తాత బాప్తిస్మపు పుట గర్వకారణం. ఊళ్ళో ఉన్న పినతండ్రి పిల్లలకు అదే పుట ఉద్యోగానికి, చదువుకు సంబంధించిన చిక్కు కాగలదు. దొరికిన కాగితాన్ని వంశవృక్షపు వెబ్‌సైటులో పెట్టేముందు ఊరికి ఫోన్ చేసి వారిని అడగడం పరిశోధనలో భాగమే. చనిపోయినవారి పేరు వెలికి తీసే హక్కు వారసులందరిదీ. దానికి చెల్లించవలసిన వెల మాత్రం అందరికీ ఒక్కటి కాదు.