బాసర గోడలకు చెమ్మ ఎక్కడిది?

బాసర గోదావరి ఒడ్డున, నల్లరేగడి నేలల మధ్య ఉన్న ఊరు. దిగువన పోచంపాడు వద్ద కట్టిన శ్రీరాంసాగర్ నిండితే వెనుక జలాలు ఇక్కడిదాకా వస్తాయి. మే ఎండలకు నెర్రెలు విచ్చిన రేగడి, జూన్‌లో నైరుతి వానలు పడగానే నీరు పీల్చి ఉబ్బుతుంది. దాంతో పునాది కదిలి గోడలు పగులుతాయి, ఆ సందుల్లోంచి వాన లోపలికి దిగుతుంది. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదులను రూపొందించింది.

వాన వెలిశాక కూడా రేగడి చాలా రోజులు తడి వదలదు. ఇటుకలోని సన్నని రంధ్రాలు, వత్తి నూనెను లాగినట్టు, ఆ తడిని పైకి లాగుతాయి. సాధారణంగా మూడడుగుల దాకా ఎక్కే ఈ నీటితో పాటు నేలలోని లవణాలూ వస్తాయి. నీరు ఆవిరైపోతుంది, లవణాలు మిగిలి తెల్లగా పూస్తాయి, ప్లాస్టింగును పొట్టుగా రాలుస్తాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది: ఆ లవణాలు గాలిలోని తేమను కూడా పీలుస్తాయి. అందుకే కింది నుంచి నీరు ఆగినా, శ్రావణంలో అదే మచ్చ మళ్లీ తేలుతుంది. పైన రంగు వేస్తే పోయేది కాదు. ఉప్పెక్కిన ప్లాస్టింగును చెక్కేయక తప్పదు.

కొత్త ఇంట్లో దీనికి అడ్డుకట్ట బేస్‌మెంట్ మీద, గోడ వెడల్పంతా పరిచే నీరు పట్టని కాంక్రీటు పొర. అది బయటి నేలకు కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. ఇంటి ముందు సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ నేల మట్టం పెరుగుతుంది. ఆ పొర మట్టిలో కూరుకుపోతే ఉండీ లేనట్టే.

పాత మట్టి, సున్నం గోడల సంగతి వేరు. అవి తడిని పీల్చుకుంటాయి, ఎండ కాయగానే వదిలేస్తాయి. వాటికి మరమ్మతు పేరుతో సిమెంటు ప్లాస్టింగు చేయడం పెద్ద తప్పు: ఆరే దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. సున్నపు గోడకు సున్నమే మందు.

గాలి నుంచి వచ్చే తేమనూ మరచిపోకూడదు. 30 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు; 20 డిగ్రీల వద్ద 17 గ్రాములే. ఏసీతో చల్లబడిన గోడకు బయటి తేమగాలి సోకితే ఆ తేడా నీరై దిగుతుంది. అలాంటి గోడకు లోపల ప్లాస్టిక్ వాల్‌పేపర్ అంటిస్తే వెనక బూజు ఖాయం. ఎండాకాలం హాయినిచ్చే కూలర్ వానాకాలంలో గదిలోకి తేమనే చిమ్ముతుంది.

చెమ్మ ఎటు నుంచి వస్తోందో తెలుసుకోవడం తేలిక. గోడకు పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచాలి. గోడ వైపు తడి పడితే అది గోడలోని నీరు. గది వైపు పడితే గాలిలోది.

కాబట్టి పుట్టీ డబ్బా కొనేముందు స్లాబు పైపును, పగుళ్లను, ఇంటి చుట్టూ నీరు నిలిచే పల్లాన్ని సరిచేయించండి. తడిసిన తొమ్మిదంగుళాల గోడ ఆరడానికి నెలలు పడుతుంది. అందాకా రంగు వేయకండి.