కూల్చిన గోడ ఎక్కడికి పోతుంది? మీకు తెలుసా?

టొరంటో దగ్గరి బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో మనవాళ్ళు ఇల్లు కొన్న ఏడాది రెండేళ్ళకు బేస్‌మెంట్ పని మొదలుపెడతారు. పాత గోడలు ఊడబీకడం రెండు రోజుల పని. తలనొప్పి ఆ తర్వాతే: డ్రైవ్‌వేలో బోర్డు ముక్కల గుట్ట, మేకులు పొడుచుకొచ్చిన కర్రలు, అడుగున కాస్త మిగిలిన పెయింట్ డబ్బాలు. కెనడాలో ఈ సరుకంతా ఎటు పోతుందో చూస్తే బోలెడు కథలున్నాయి.

1. టొరంటోలో ఇంటింటికీ వచ్చే చెత్త బండి రిపేరు పనుల చెత్తను ముట్టుకోదు. బిన్ అద్దెకు తెప్పించుకోవాలి, లేదా నగరపాలక సంస్థ డిపోకు మనమే మోసుకెళ్ళాలి. అక్కడ బండిని లోపలికి పోయేటప్పుడు ఒకసారి, ఖాళీ చేసి వచ్చేటప్పుడు ఒకసారి కాటా ఎక్కిస్తారు. చెత్త తూకమే బిల్లు. మన దగ్గర ధాన్యం లారీని తూచినట్టే!

2. ఈ తలనొప్పి మీదే ఒక కుర్రాడు పెద్ద వ్యాపారం కట్టాడు. 1989లో వాంకూవర్‌లో బ్రయన్ స్కుడమోర్ 700 డాలర్లు పెట్టి ఒక పాత ట్రక్కు కొని, ఇళ్ళలో పనికిరాని సామాను మోయడం మొదలుపెట్టాడు. అదే ఇవాళ్టి ‘1-800-గాట్-జంక్’ కంపెనీ.

3. 1990కి ముందు కట్టిన ఇల్లయితే సుత్తి పట్టే ముందే ఆగండి. గోడ అతుకుల మీది పూతలో, నేల టైల్స్‌లో, బొరుగులు అద్దినట్టుండే సీలింగ్‌లో, అటక మీద పరిచే వర్మిక్యులైట్ ఇన్సులేషన్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. నమూనా తీసి ల్యాబ్‌లో పరీక్ష చేయించాకే పని మొదలుపెట్టాలి. కెనడా దీన్ని 2018 డిసెంబరు 30 నుంచి నిషేధించింది. అంతకుముందు ఈ ఖనిజాన్ని ప్రపంచానికి అమ్మిన దేశం కూడా కెనడాయే. కొన్నవాళ్ళలో భారత్ ముందు వరసలో ఉండేది. మనం సిమెంటు రేకులనే ఆ పైకప్పులకు ఇదే ముడిసరుకు. క్యుబెక్‌లో గనిలో తవ్విన ఆ ఖనిజం పేరుతోనే ‘ఆస్బెస్టాస్’ అనిపించుకున్న ఊరు 2020లో పేరు మార్చుకుని ‘వాల్-దే-సూర్స్’ అయింది.

4. గోడలకు బిగించే తెల్లటి డ్రైవాల్ బోర్డు చూడ్డానికి సాధువే. మట్టిలో పూడ్చిపెడితే మాత్రం తడికి, గాలి ఆడని చోట బ్యాక్టీరియా పట్టి అందులోని జిప్సం నుంచి కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అందుకే వాంకూవర్ ప్రాంతంలో 1984 నుంచే దాన్ని చెత్తగుట్టల్లో వేయనివ్వరు. కాగితం వేరుచేసి, పొడి కొట్టి, ఆ జిప్సంతో మళ్ళీ కొత్త బోర్డులు చేస్తారు.

5. హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ నడిపే ‘రీస్టోర్’ దుకాణాల్లో మొదటిది 1991లో విన్నిపెగ్‌లో తెరిచారు. మనం తీసేసిన తలుపులు, సింకులు, కిచెన్ కబోర్డులు బాగుంటే పుచ్చుకుని చౌకగా అమ్ముతారు. ఆ డబ్బు తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల ఇళ్ళకు సాయపడుతుంది. మన ఊళ్ళలో పాత టేకు ద్వారబంధాలు అమ్మే కొట్లకు ఇది దూరపు చుట్టం.

6. వాంకూవర్‌లో 1950కి ముందు కట్టిన ఇంటిని కూలిస్తే, వచ్చిన సరుకులో కనీసం 75 శాతాన్ని తిరిగి వాడాలి లేదా రీసైక్లింగ్‌కు పంపాలి. 1910కి ముందుదైతే బుల్‌డోజర్‌తో నేలమట్టం చేయడం కుదరదు. విడివిడిగా విప్పి, కనీసం 3 టన్నుల కలప దక్కించుకోవాలి. వందల ఏళ్ళు పెరిగిన మాన్ల నుంచి కోసిన అలాంటి కలప ఇప్పుడు కొందామన్నా సులువుగా దొరకదు.

7. ఇంకా ముచ్చటైన దారి ఒకటుంది. పసిఫిక్ తీరంలో కూల్చబోయే ఇంటిని పునాది మీంచి లేపి, ట్రక్కెక్కించి, అక్కణ్ణుంచి బార్జి మీదికి చేర్చి మరో తీరానికో దీవికో తోలుకెళతారు. కొత్త యజమాని దాన్ని కొత్త పునాది మీద దింపుకుంటాడు.

8. టొరంటోలో కూల్చిన ఇళ్ళు సరస్సులోకి నడిచి వెళ్ళాయి! 1950ల చివర ఓడరేవు కోసమని లెస్లీ స్ట్రీట్ చివర ఒంటారియో సరస్సులో కూల్చిన ఇటుకలు, కాంక్రీటు, తవ్విన మన్ను పోయడం మొదలుపెట్టారు. అనుకున్నన్ని ఓడలు రాలేదు. నీళ్ళలోకి 5 కిలోమీటర్లు సాగిన ఆ కట్ట మీద గాలి తెచ్చిన గింజలు మొలిచాయి, పక్షులు గూళ్ళు కట్టాయి. ఇప్పుడది టామీ థాంప్సన్ పార్కు. అక్కడ 300కు పైగా పక్షి జాతులు కనిపించాయి. ఒడ్డున వంగి చూడండి: అలల రాపిడికి మూలలరిగి గులకరాయిలా నున్నబడిన ఎర్ర ఇటుక, దాని పక్కనే తుప్పు పట్టిన ఇనుప చువ్వ, ఎవరింటి బాత్రూమ్‌దో ఒక టైల్ ముక్క.

9. కూల్చిన ఇటుకల కథ అదైతే, ఇటుకలు పుట్టిన చోటి కథ ఇది. అదే నగరంలో డాన్ లోయ ఇటుకల కర్మాగారం 1889 నుంచి దాదాపు వందేళ్ళు మన్ను తవ్వి ఇటుకలు కాల్చింది. కాసా లోమా భవనంలోనూ ఆ ఇటుకలున్నాయి. కర్మాగారం మూతపడ్డాక మిగిలిన గోతిని స్కోషియా ప్లాజా అనే ఆకాశహర్మ్యం పునాదుల్లో తవ్విన మట్టితో పూడ్చారు. ఇప్పుడక్కడ చెరువులు, తామరలు, తాబేళ్ళు!

10. కూల్చిన సరుకును మళ్ళీ వాడే దారి మన హైదరాబాద్ కూడా పట్టింది. జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో రోజుకు 500 టన్నుల చొప్పున కూల్చివేత వ్యర్థాలను పిండి కొట్టి ఇసుక, కంకరగా మార్చే ప్లాంట్లున్నాయి.

ఇన్ని కథల్లోనూ మొదటి మెట్టు వేరుచేయడమే. అన్నీ కలిపి ఒకే బిన్‌లో పారేస్తే అది చెత్త. బోర్డు, కలప, ఇనుము, పెయింట్ విడివిడిగా కుప్పలు పెడితే సరుకు. కాబట్టి కాంట్రాక్టర్‌తో బేరం కుదుర్చుకునే రోజునే రెండు ప్రశ్నలు అడగండి: ఆస్బెస్టాస్ పరీక్ష అయిందా? తీసేసిన సామాను ఎక్కడికి పంపుతారు? జవాబు కాగితం మీద రాయించుకున్నాకే సుత్తి ఎత్తనివ్వండి.