యంత్రపు గంటకు వెల యెంత?

సంఘ సభ్యులగు రైతు సోదరులకు ఒక లెక్క మనవి చేయుచున్నాము. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో నువ్వులును, వేరుశనగయు పండించు గ్రామములు పెక్కు కలవు. అట్టి యొక గ్రామమున సహకార సంఘమువారు అప్పుచేసి నూనె ఎక్స్‌పెల్లరు నొకదానిని నిలిపినారనుకొందము. యంత్ర మొక్కటే. నెలకు 240 గంటలకు మించి తిరుగదు. ఏ గింజ నాడించిన సంఘము నిలుచును?

బస్తాకు మిగులు సొమ్ము జూచి తీర్పు చెప్పుట మనకు వాడుక. ఊహకు కొన్ని అంకెలు వేయుదము. నువ్వుల బస్తా నాడి, నూనెయు తెలికపిండియు అమ్మగా వచ్చిన దానిలో గింజల ఖరీదును, కరెంటు ఖర్చును పోగా రూ. 600 మిగులును. వేరుశనగ పప్పు బస్తాకు రూ. 300 మాత్రమే. ఇంకేమి, నువ్వులే ఆడింపుడందురు. కాని నువ్వుల బస్తాకు 3 గంటలును, పప్పు బస్తాకు 1 గంటయు పట్టుచున్నచో? గంటకు నువ్వులిచ్చునది రూ. 200, వేరుశనగ యిచ్చునది రూ. 300.

నెల యంతయు నువ్వులే ఆడిన 80 బస్తాలకు రూ. 48,000. పప్పే ఆడిన 240 బస్తాలకు రూ. 72,000. జీతములు, అద్దె, అప్పుపై వడ్డీ నెలకు రూ. 52,000 అనుకొనుడు. ఏది ఆడినను ఈ ఖర్చు తగ్గదు. మొదటి తీరున రూ. 4,000 నష్టము, రెండవ తీరున రూ. 20,000 లాభము. గింజలు మంచివే, పనివారు మంచివారే, అయినను సంఘము మునుగుట యిట్లే.

ఈ అద్దెను, వడ్డీని బస్తాల మీద పంచి, "ఈ సరకు నష్టము, మానుడు" అను గుమాస్తాలు కలరు. సరకు మానినంత మాత్రమున వడ్డీ మానదు గదా.

పప్పు కావలసినంత దొరకదందురా? నెలకు 150 బస్తాలే వచ్చినచో రూ. 45,000, మిగిలిన 90 గంటలలో 30 బస్తాల నువ్వులకు రూ. 18,000. ఖర్చు పోగా రూ. 11,000 నిలుచును. ఇట్టి నెలలో బయటివారు గంటకు రూ. 150 బాడుగ యిత్తుమనిన ఒప్పుకొనరాదు. ఆ గంటలో నువ్వులు రూ. 200 ఇచ్చుచున్నవి. సభ్యుని నువ్వులను త్రోసివేయుట సహకారము గాదని మా యభిప్రాయము. అందువలన నష్టమెంతయో తెలిసి చేయవలెను.

చెరకున కిదియే న్యాయము. 1933లో ఏటికొప్పాకలో సహకార చక్కెర సంఘము వెలసినది. తరువాత ఆమదాలవలస, భీమసింగిలలోను సహకార కర్మాగారములు చెరకు నాడినవి. గంటకు 50 టన్నులాడు యంత్రమున టన్నుకు 90 కిలోల చక్కెర దిగిన 4,500 కిలోలు, 100 కిలోలు దిగిన 5,000 కిలోలు. గంట అదే. నరికిన చెరకు నిలువయున్న కొలది బరువును, తీపియు తగ్గును గనుక, బండ్లు బారులు తీరి నిలుచుట రైతునకే గాక యంత్రమునకును నష్టమే.

కావున యంత్రము కడ నొక గంటల పుస్తకముంచుడు. మొదలిడిన వేళ, ఆపిన వేళ, గింజ, బస్తాలు, మిగులు వ్రాయవలెను. ఒక గింజనుండి వేరొక గింజకు మారునపుడు యంత్రము శుభ్రపరచు వేళను గూడ వ్రాయుడు. ఆ గంటలను ఎవరును లెక్కింపరు.