జీనులేని గుఱ్ఱపు సవారి – లాభనష్టములు

మన బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల బాలురకు గేదె వీపే తొలి సవారి. కాలువగట్టుమీద గేదెపై కూర్చుండి పోవువానికి జీనుతో పనిలేదు, కళ్ళెముతోను పనిలేదు. జట్కాబండ్లు విరివిగా నడచిన దినములలో గుఱ్ఱమును కడుగుటకై నీటిరేవునకు కొనిపోవు బాలురును అట్లే దాని వట్టివీపుపై నెక్కెడివారు. గేదెపై కుదురుగా నుండువాడు గుఱ్ఱముపైనను కుదురునని కొందఱు తలంతురు. అది సరికాదు. గేదె వీపు వెడల్పు, నడక మందము. గుఱ్ఱమో బెదరు స్వభావము గలది. చప్పుడు వినిన తోడనే ప్రక్కకు దుముకును. కావున జీనులేని సవారివలని మేలు కీడులను మన విద్యార్థుల నిమిత్తము ఇచట వివరింతుము.

ఈ సవారి నూతనము కాదు. ప్రాచీన గ్రీకులకు జీనుగాని రికాబుగాని తెలియదు. క్రీ.పూ. 4వ శతాబ్దమున జెనొఫన్ అను గ్రీకు సేనాని అశ్వారోహణమును గూర్చి గ్రంథము వ్రాసి, రౌతు కుర్చీపై కూర్చున్నట్లు గాక, కాళ్ళు ఎడముగా నుంచి నిలుచున్నవానివలె నిటారుగా నుండవలెనని బోధించెను. వెన్నెముకకు ఇరుప్రక్కల కండబలిసిన గుఱ్ఱమే సుఖాసనమనియు నతడు చెప్పెను. మన దేశపు ప్రాచీన శిల్పములలో కాలి బొటనవ్రేలు దూర్చుకొను త్రాటియుచ్చు కానవచ్చును. రెండు పాదములకును ఆధారమగు రికాబుల జత క్రీ.శ. 4వ శతాబ్దమున చైనాదేశమున వాడుకలో నుండెను.

ఇక లాభములు. రికాబుల ఊత లేనందున రౌతు తన తూకమును తానే నిలుపుకొనుట నేర్చును. గుఱ్ఱపు వీపున కదలు ప్రతి కండయు అతనికి తెలియును. అది బెదరి బిగుసుకొనుట ముందుగానే గ్రహింపగలడు. పడినపుడు పాదము రికాబులో చిక్కి ఈడ్వబడు భయమును లేదు.

నష్టములును తక్కువ కావు. నడకయందు సుఖముగా నున్నను, ఎగిరెగిరిపడు పరుగునందు రౌతు కుదురు తప్పును. చెమటపట్టిన వీపు జాఱును. వానకాలమున మన నల్లరేగడి గట్లపై గుఱ్ఱపు కాలే జాఱును. పడుచున్నవాడు కళ్ళెపు పగ్గమును పట్టి వ్రేలాడినచో గుఱ్ఱపు నోరు గాయపడును.

అంతకంటె ముఖ్యమైనది ఒకటి గలదు. జీను రౌతు సుఖమునకే యని మనము తలంతుము. నిజమునకు అది గుఱ్ఱమునకును మేలు. తగిన జీను బరువును వెన్నెముకపై పడనీయక ఇరుప్రక్కల కండలపై పఱచును. జీను లేనపుడు రౌతు కటియెముకల క్రింద, కొలదిచోటనే, ఒత్తిడి అధికమగునని దానిని కొలుచు నేటి సాధనములు చూపుచున్నవి. మనము పడినచో కేక వేయుదుము. వీపు నొచ్చిన గుఱ్ఱము చెవులు వెనుకకు వాల్చి, తోక విసరి, వీపు క్రుంగదీసి మాత్రమే తెలుపగలదు.

కావున ఇట్టి సవారి చేయదలచినవారు యజమాని అనుమతి పొందవలెను. పెద్దవారొకరు దగ్గర నుండవలెను. మెత్తని నేలపై, నడకతోనే, కొలది నిమిషములు చాలును. ఎక్కునపుడు జూలు పట్టి ఎగబ్రాకక అరుగుపైనుండి మెల్లగా నెక్కవలెను. పగ్గమును ఎన్నడును ముంజేతికి చుట్టుకొనరాదు. తలకు గట్టి టోపీ ధరింపవలెను. వీపున పుండు గల గుఱ్ఱమును, లేతపిల్లను ఎక్కరాదు. అశ్వశాలల మట్టిలోను లద్దెలోను ధనుర్వాత క్రిములుండును గనుక, గాయమైనచో వెంటనే కడిగి వైద్యునకు చూపవలెను. టీకా ముందే వేయించుకొని యుండుట మేలు.

జీనులేని సవారి దేహమునకు తూకము నేర్పు పాఠమే గాని దూరప్రయాణమునకు సాధనము కాదు. దిగిన పిమ్మట గుఱ్ఱపు వీపును చేతితో తడవి, అది నొచ్చెనో లేదో చూచువాడే మంచి రౌతు.