రెండున్నర శాతం లెక్క

మే నెలలో విజయవాడ వన్ టౌన్ రాత్రులు ఎలా ఉంటాయో ఇక్కడ కాపురం ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంద్రకీలాద్రి రాళ్లు పగలంతా తాగిన ఎండను చీకటిపడ్డాక కక్కుతాయి. ఏసీ వేస్తే గాని కన్ను మూతపడదు. తెల్లారేసరికి మీటరు పది యూనిట్లు తిరిగిందనుకుందాం. ఆ కరెంటు ఇబ్రహీంపట్నం నుంచి, అంటే మనం ఇప్పటికీ వీటీపీఎస్ అనే నార్ల తాతారావు థర్మల్ కేంద్రం నుంచి వచ్చిందనుకుంటే, దాని వెనక కృష్ణ నీళ్లు 35 లీటర్లు ఖర్చయినట్టు. వీధి చివర అమ్మే 20 లీటర్ల టిన్నులు రెండింటికి కాస్త తక్కువ.

ఈ 35 ఎక్కడిదంటే, 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ బొగ్గు కేంద్రాల నీటి వాడకానికి పరిమితి పెట్టింది: పాత కేంద్రాలకు మెగావాట్ గంటకు 3.5 ఘనపు మీటర్లు, అంటే యూనిట్‌కు మూడున్నర లీటర్లు. 2017 తర్వాత వచ్చిన వాటికి ఇప్పుడు 3 లీటర్లు.

వీటీపీఎస్ తొలి యూనిట్ 1979లో మొదలైంది. 210 మెగావాట్లవి ఆరు, 2009లో 500, 2023లో 800 కలిపి మొత్తం 2,560 మెగావాట్లు. ఏడాది పొడుగునా సామర్థ్యంలో 75 శాతం మేర నడిస్తే 1,682 కోట్ల యూనిట్లు వస్తాయి. పరిమితి ప్రకారం లెక్కిస్తే ఏడాదికి దాదాపు 2 టీఎంసీల నీళ్లు కావాలి.

రెండు టీఎంసీలు ఎక్కువా, తక్కువా? 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఆ ఉద్ధృతిలో రెండు టీఎంసీలు దాటిపోవడానికి అరగంట చాలు. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ డెల్టాకు ఇచ్చిన 181.2 టీఎంసీల పక్కన పెట్టినా రెండు టీఎంసీలు ఒక మూలకు రావు. అందుకే పరిశ్రమల నీళ్ల గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నాకు మాత్రం ఆ నిశ్చింత సరైంది కాదనిపిస్తుంది. వీటీపీఎస్ నీళ్లు తోడుకునే బ్యారేజీ వెనక నిండుగా ఉన్నా నిలిచేది 3 టీఎంసీలే. వరద నీళ్లను సెప్టెంబరులో చూసి మే నెల లెక్క వేయలేం.

అసలు చిక్కు బచావత్ తీర్పులోనే ఉంది. ఏ రాష్ట్రం ఎంత వాడుకుందో తేల్చడానికి ఆ తీర్పు ఒక పద్ధతి పెట్టింది. తాగునీటికి తోడుకున్న దాంట్లో 20 శాతాన్నే వాడినట్టు రాయాలి. పరిశ్రమలకైతే రెండున్నర శాతమే. మిగతాది ఎలాగూ నదిలోకే తిరిగి వస్తుందన్న లెక్క అది.

1970ల నాటికి ఆ లెక్క న్యాయమైనదే. వీటీపీఎస్‌లో మొదట కట్టిన ఆరు యూనిట్ల ఏర్పాటు చూడండి. నది నీళ్లు తీసుకుంటాయి, కండెన్సర్ల గుండా పంపి ఆవిరిని చల్లార్చుకుంటాయి, వేడెక్కిన నీళ్లను మళ్లీ నదికే వదులుతాయి. ఇలాంటి పద్ధతిలో యూనిట్‌కు వంద లీటర్లదాకా తోడాలి. ఆ ఆరింటికీ ఏడాదికి సుమారు 29 టీఎంసీలు! కానీ ఆవిరై పోయేది యూనిట్‌కు లీటరు చొప్పున, మొత్తం 0.3 టీఎంసీ. రెండున్నర శాతం ప్రకారం ఖాతాలో పడేది 0.7 టీఎంసీ. నదికి అన్యాయమేమీ లేదు.

కూలింగ్ టవర్ వచ్చేసరికి కథ తిరగబడుతుంది. అక్కడ అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతాయి కాబట్టి తోడేది మూడున్నర లీటర్లకు పడిపోతుంది. అయితే అందులో ఎక్కువ భాగం టవర్ మీంచి తెల్లటి ఆవిరిగా గాలిలో కలిసిపోతుంది. కొత్త కేంద్రాలైతే చుక్క మురుగునీరు కూడా బయటికి వదలకూడదు. అంటే తోడిన నీళ్లలో నదికి తిరిగి వచ్చేది సున్నా. పాత కేంద్రాలు కూడా టవర్లు కట్టుకోవాలన్నదే 2015 ఉత్తర్వు. తోడేది తగ్గుతుంది, తాగేసేది పెరుగుతుంది. వీటీపీఎస్ అంతా టవర్లకు మారిందనుకుని ఆ రెండు టీఎంసీలకు రెండున్నర శాతం వేస్తే ఖాతాలో కనిపించేది 0.05 టీఎంసీ. నదిలో నిజంగా తగ్గేది దాదాపు రెండూ.

ఎగువన నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం వచ్చింది. యూనిట్‌కు 3 లీటర్లు, 75 శాతం నడక అనుకుంటే 2.8 టీఎంసీలు. పాత పద్ధతిలో రాస్తే 0.07.

రేపటి అవసరాలను ఊహించేటప్పుడు ఇలాంటి తేడాలే కొండంతవుతాయి. దేశం మొత్తం మీద 2050లో విద్యుత్తుకు ఎన్ని నీళ్లు కావాలన్న ప్రశ్నకు, 1999లో జాతీయ సమగ్ర జలవనరుల కమిషన్ 63 నుంచి 70 శతకోటి ఘనపు మీటర్లని చెప్పింది. కేంద్ర జలవనరుల శాఖ ఉపసంఘం 130 అంది. అదే 2010కి వచ్చేసరికి కమిషన్ అంచనా 18–19, ఉపసంఘం అంచనా 5. దేశం ఒకటే, సంవత్సరం ఒకటే, అంకెలు మాత్రం ఒకదాని దరికి ఒకటి రావు. తోడేదాన్ని కొలుస్తున్నామా, హరించుకుపోయేదాన్నా అన్నది ముందు తేల్చకుండా ఏ పట్టిక వేసినా ఫలితం ఇలాగే ఉంటుంది.

విద్యుత్ కేంద్రం ఎంత నడుస్తుందన్నది కూడా అంతే ముఖ్యం. పగటిపూట సౌర విద్యుత్తు పెరిగి వీటీపీఎస్ నడక 75 నుంచి 65 శాతానికి దిగితే పావు టీఎంసీకి పైగా మిగులుతుంది. బొగ్గు దగ్గర తగ్గే ప్రతి యూనిట్ కృష్ణకు మూడున్నర లీటర్లు వదిలిపెట్టినట్టే. నా దృష్టిలో ఈ నదికి ఇంతకన్నా చవకైన జలాశయం లేదు.

రాష్ట్రం విడిపోయాక హైదరాబాద్ తాగునీటిని 20 శాతంగానే రాయాలని తెలంగాణ కృష్ణా బోర్డు ముందు అడుగుతూ వచ్చింది. రెండున్నర శాతాన్ని కూడా ఆ బల్ల మీదికి తేవాలి. పరిశ్రమలు తోడే నీళ్లను, తిరిగి వదిలే నీళ్లను వేర్వేరు మీటర్లతో, నెలవారీగా కొలిచి రాయాలి. ఏడాది సగటు చాలదు. రెండు టీఎంసీలంటే రోజుకు 15 కోట్ల లీటర్లు. సాగు ముగిసి డెల్టా కాలువలు కట్టేసి, వన్ టౌన్ పక్క కాలువలో అడుగు మట్టి బయటపడే మే నెలలో కూడా రోజుకు 15 కోట్లే. బ్యారేజీ దగ్గర నిండు మట్టం 12 అడుగులు. ఆ రోజుల్లో వీటీపీఎస్ ఇంజనీర్లు పొద్దున్నే ముందు చూసుకోవాల్సింది నీళ్లు ఆ మట్టానికి ఎంత దిగువన ఉన్నాయన్నదే.