చక్రాల మీద పిల్లలు: తప్పు స్కేట్లదా, నేలదా?

"డాక్టరు గారూ, ఆ చక్రాల జోళ్ళు తీసుకెళ్ళి అటక మీద పడేశాను. ఇక వీడు కాళ్ళావేళ్ళా పడినా దించను!" అంది ఆవిడ లోపలికి వస్తూనే. వెనకాల ఆమె కొడుకు, తొమ్మిదేళ్ళవాడు. ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని, ఏడుపు దిగమింగుకుంటూ నిలబడ్డాడు.

వాళ్ళది విజయవాడ వన్ టౌన్‌లో ఒక సందు. ఎదురెదురుగా రెండు స్కూటర్లు వస్తే ఒకటి ఆగిపోవాల్సిందే. స్కూలు నుంచి వచ్చాక పిల్లలు ఆడుకునే చోటు కూడా అదే. మురుగు కాలవ మీద పరచిన పలకల్లో ఒకటి అర అంగుళం పైకి లేచి ఉందట. ముందు చక్రం దానికి తగిలింది, పిల్లవాడు బోర్లా పడ్డాడు. పడుతూ పడుతూ ఎవరైనా చేసే పనే చేశాడు, చేతులు ముందుకు చాపాడు.

ఎక్స్‌రే తీయిస్తే ముంజేతి ఎముక మణికట్టుకు కాస్త పైన వంగి, ఒక పక్క మాత్రమే విరిగి కనిపించింది. పచ్చి వేపపుల్లను వంచితే ఎలా విరుగుతుందో చూశారు కదా? ఒక పక్క చీలుతుంది, రెండో పక్క పట్టుకునే ఉంటుంది. పసిపిల్లల ఎముకలు చాలాసార్లు అలాగే విరుగుతాయి. సిమెంటు కట్టు వేసి పంపిస్తూ ఆవిడతో అన్నాను: "అమ్మా, మీరు శిక్ష వేయాల్సింది స్కేట్లకు కాదు, ఆ పలకకు."

ఆవిడ నా వంక అనుమానంగా చూసింది. మీలో చాలామంది కూడా అలాగే చూస్తారని తెలుసు. అందుకే ఈ వారం దీన్ని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

మణికట్టే ఎందుకు?

రోలర్ స్కేట్లయినా, ఒకే వరసలో చక్రాలుండే ఇన్‌లైన్ స్కేట్లయినా, స్కేట్‌బోర్డయినా పడేవాడి బరువంతా అరచేతి మీదుగా మణికట్టులోకి దిగుతుంది. పైగా పిల్లల ఎముకల చివర్లలో మెత్తటి పెరుగుదల పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఆ పొరకు దెబ్బ తగిలితే, సరిగా చూడకపోతే, చెయ్యి వంకరగా పెరగవచ్చు. "బెణికిందిలే" అని నూనె రాసి తోమించడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి ఆలోచించండి.

కాస్త పెద్ద పిల్లల్లో ఇంకో చిక్కు ఉంది. బొటనవేలిని పైకి చాపితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో నొక్కితే నొప్పి పుడుతుందీ అంటే లోపలి చిన్న ఎముక విరిగి ఉండవచ్చు. మొదటిరోజు ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు కూడా! అలాంటప్పుడు డాక్టరు పట్టీ వేసి, పది పధ్నాలుగు రోజుల తరువాత మళ్ళీ ఎక్స్‌రే తీయించమంటారు. "డబ్బుల కోసం రెండుసార్లు తీయిస్తున్నారు" అనుకోకండి.

మణికట్టును కాపాడుకోవడానికి ఖరీదైన ఉపాయమేమీ అక్కర్లేదు. అరచేతి వైపు గట్టి బద్ద ఉండే మణికట్టు పట్టీలు చాలు. ఇన్‌లైన్ స్కేటింగులో గాయపడినవాళ్ళను పరిశీలించి 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం వేశారు. పట్టీలు లేనివాళ్ళకు మణికట్టు దెబ్బ తగిలే అవకాశం, ఉన్నవాళ్ళతో పోలిస్తే దాదాపు పది రెట్లు ఎక్కువని అందులో తేలింది. మోచేతి తొడుగుల సంగతీ ఇంచుమించు అంతే. హెల్మెట్ సంగతి వేరే చెప్పాలా? చేతి ఎముక అతుక్కుంటుంది. తలకు తగిలిన దెబ్బ అలా కాదు.

నేల సంగతి

అమెరికాలో వినియోగదారుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. స్కేట్‌బోర్డు మీంచి పడి గాయపడినవాళ్ళలో సగానికి పైగా ఎగుడుదిగుడు నేల వల్లనే పడ్డారని ఆ సంస్థ తేల్చింది. ఇంకో సంగతి: గాయపడినవాళ్ళలో మూడోవంతు మంది స్కేటింగు మొదలుపెట్టి వారం కూడా కానివాళ్ళు. అంటే ఏమిటన్నమాట? కొత్తగా నేర్చుకునేవాడిని గతుకుల్లో వదిలితే చెయ్యి విరగడానికి కావలసినవన్నీ మనమే సమకూర్చినట్లు.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2002లో స్కేట్‌బోర్డుల గురించి ఇచ్చిన సలహా మన ఊళ్ళకూ చక్కగా పనికొస్తుంది. అయిదేళ్ళ లోపు పిల్లలకు అసలు వద్దు. పదేళ్ళ లోపువాళ్ళను పెద్దవాళ్ళు దగ్గరుండి చూసుకోవాలి. బళ్ళు తిరిగే చోట ఏ వయసువాళ్ళూ ఎక్కకూడదు. ఇంతటితో ఆపి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఊళ్ళవాళ్ళు స్కేట్ పార్కులు కట్టించాలని కూడా వాళ్ళే చెప్పారు. పిల్లలు పెరట్లో చెక్కలు పేర్చి చేసుకునే వాలుబల్లల కంటే, కట్టించిన పార్కులో భద్రత చూసేవాళ్ళుంటారని వాళ్ళ వాదన. డాక్టర్లు మందు రాయకుండా సిమెంటు రాశారని నవ్వుకోవచ్చు గానీ, మాట సరైనదే.

స్కేట్ పార్కంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. స్కేటింగు రింకు అంటే చదునైన నున్నటి గచ్చు. స్కేట్ పార్కు అంటే కాంక్రీటుతో పోసిన వాలు గోడలు, నీళ్ళు లేని ఈతకొలనులాంటి గుంటలు, పొట్టి మెట్లు, ఇనుప కమ్మీలు అన్నీ కలిసిన చోటు. 1970లలో కాలిఫోర్నియాలో కరవు వచ్చి ఈతకొలనులు ఎండిపోతే, కుర్రాళ్ళు స్కేట్‌బోర్డులు వేసుకుని వాటిలోకి దిగారు. ఈ ఆట అలా ముదిరింది. 1976 నుంచి పార్కులు లేచాయి. నష్టపరిహారం దావాలకు, బీమా ఖర్చులకు భయపడి 1980 నాటికి చాలామటుకు మూసేశారు. పిల్లలేమైనా ఆట మానేశారా? మళ్ళీ రోడ్డెక్కారు. పురపాలక సంఘాల మీద దావాల భయం తగ్గించే చట్టం కాలిఫోర్నియాలో 1998లో అమలుకు వచ్చాక ఊరూరా మళ్ళీ పార్కులు మొదలయ్యాయి. ఆ ఆటే 2021లో టోక్యో ఒలింపిక్సుకు ఎక్కింది. ఆడవాళ్ళ వీధి పోటీలో బంగారు పతకం గెలిచిన పిల్లకు పదమూడేళ్ళు!

మన దగ్గర

మన రాష్ట్రంలో సముద్రం ఒడ్డున స్థిరంగా ఒక చోటు ఎలా ఉంటుందో చూడాలంటే విశాఖపట్నం బీచ్ రోడ్డులోని వుడా పార్కుకు వెళ్ళాలి. అక్కడి స్కేటింగు రింకులో ఎంతోమంది పిల్లలు చక్రాల మీద నిలబడటం నేర్చుకున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ పార్కులో చెట్లను పడగొట్టింది. తరువాత పార్కును మళ్ళీ బాగుచేశారు. ఉప్పుగాలి తగిలే ఊళ్ళో బోల్టులతో బిగించిన ఇనుప ర్యాంపులు ఎక్కువకాలం నిలవవు. తుప్పు పడతాయి, మరలు వదులవుతాయి, అంచులు లేస్తాయి. లేచిన అంచు మా వన్ టౌన్ పలక చేసిన పనే చేస్తుంది. కాంక్రీటు పోత అయితే ఆ బెడద తక్కువ.

స్కేటింగు అంటే డబ్బున్నవాళ్ళ సరదా అని కొట్టిపారేసేవాళ్ళకు రెండు సంగతులు. హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010లో గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్య పతకాలు తెచ్చాడు. కృష్ణ దాటితే వచ్చే మంగళగిరిలో ఒక అమ్మాయి స్కేటింగులో రాణించి 2024 డిసెంబరులో ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం అందుకుంది. అయితే నాకు పతకాల మీద కంటే మిగతా పిల్లల మీదే ధ్యాస. అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు అలిసే ఆట, వారానికి మూడురోజులైనా ఎముక గట్టిపడే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొద్దున స్కూలు, సాయంత్రం ట్యూషను, మధ్యలో ఫోను. ఆ గంట ఎక్కణ్ణించి వస్తుంది? తనంతట తానే గంటసేపు చెమట పట్టే ఆట ఆడతానంటున్న పిల్లవాడి జోళ్ళను అటకెక్కించడం మంచి వైద్యం కాదు.

"అయితే ఘాట్ల మీద ఆడించుకోమంటారా? పుష్కరాలకు సిమెంటు చేశారుగా" అని ఇంకో తండ్రి అడిగారు. వద్దండీ. 2016 కృష్ణా పుష్కరాలకు ఘాట్లు విశాలంగా చేసిన మాట నిజమే, చూడటానికి నున్నగానే ఉంటాయి. కానీ ఆ వాలు తిన్నగా మెట్ల మీదికి, మెట్లు తిన్నగా నీళ్ళలోకి. చక్రాల మీద ఉన్నవాడు ఆగాలనుకున్నచోట ఆగలేడు. ప్రకాశం బ్యారేజీ పక్క రోడ్డు మాట ఎత్తనే వద్దు.

ప్రత్యేకించి కట్టిన చోటు ఎందుకు కావాలంటే, మన ఊళ్ళో ఖాళీ గచ్చు ఎక్కువరోజులు ఖాళీగా ఉండదు. సాయంత్రానికి బైకులు నిలబడతాయి. ఎండాకాలం వడియాలు, మిరపకాయలు ఆరతాయి. మాఘమాసం వస్తే షామియానాల గుంజలు పాతుతారు. పెళ్ళి అయిపోతుంది, గుంజ గుంతలు మిగిలిపోతాయి. తరువాత ఆ గుంతలో ఏ పిల్లవాడి చక్రం దిగుతుందో!

మీ పేట సంఘంవాళ్ళు ఎప్పుడైనా ఇలాంటి చోటు కోసం అర్జీ పెడితే కొన్ని సంగతులు మరవకుండా రాయించండి. వానాకాలం నీరు నిలవని వాటం ఉండాలి. పశువులూ, బళ్ళూ రాకుండా కంచె ఉండాలి. పొడుగు చెట్టు నీడ, తాగేనీళ్ళ కుళాయి, సాయంత్రం దీపాలు ఉండాలి. బెజవాడ ఎండలు తెలిసినవే కదా! మే నెల మధ్యాహ్నం కాంక్రీటు మీద పడితే గీరుకోవడంతో పోదు, చర్మం కాలుతుంది కూడా. వేసవిలో ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం అయిదున్నర తరువాత మాత్రమే ఆడనివ్వండి. సీసాలో మజ్జిగో, మంచినీళ్ళో పంపించండి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఒక చదును మూల విడిగా ఉంటే మరీ మంచిది. పెద్దపిల్లలు దూసుకొచ్చే వాలుల్లో చిన్నవాళ్ళను వదలకూడదు.

పడిన వెంటనే ఏం చెయ్యాలి?

పడటం కూడా నేర్పించాలి. తూలుతున్నట్టు అనిపించగానే మోకాళ్ళు వంచి కిందికి కూర్చోవాలి. కర్రలా బిగుసుకోకుండా భుజం మీదికో, పిరుదు మీదికో దొర్లాలి. మొదటిరోజుల్లో పచ్చిక మీద దీన్ని ఆటలా చేయించవచ్చు.

గీరుకుంటే కుళాయి కింద పెట్టి సబ్బుతో ఇసుక పోయేదాకా కడగండి. కాఫీపొడి, సున్నం, పళ్ళపొడి అద్దకండి. ధనుర్వాతం టీకా వరస ప్రకారం పడిందో లేదో చూసుకోండి. పదేళ్ళ వయసులో ఒకసారి, పదహారేళ్ళ వయసులో ఒకసారి వేయించాలి.

చెయ్యి వాచినా, వంకరగా కనపడినా లాగవద్దు, తోమవద్దు. ముందు గాజులు, ఉంగరాలు, తాయెత్తు దారాలు తీసెయ్యండి. వాపు పెరిగాక అవి రావు. ఈ వారపత్రికనే మడిచి ముంజేతి కింద దన్నుగా పెట్టి, వదులుగా గుడ్డ చుట్టి, మెడకు ఉయ్యాల కట్టండి. ఐసును గుడ్డలో చుట్టి పెట్టవచ్చు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి డాక్టరు చూసేదాకా ఏమీ తినిపించకండి.

శాశ్వతదంతం ఊడిపోతే పైభాగం పట్టుకుని తీయండి, వేరు ముట్టుకోకండి. ఒక్కసారి నీళ్ళతో కడిగి ఆ గుంటలోనే పెట్టండి. కుదరకపోతే పాలలో వేసి అరగంటలో పళ్ళ డాక్టరు దగ్గరుండాలి.

తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినా, మళ్ళీ మళ్ళీ వాంతులైనా, మగతగా ఉన్నా, చెవిలోంచి, ముక్కులోంచి నీరో నెత్తురో కారినా ఆలోచించకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. అవేమీ లేకున్నా ఇరవైనాలుగు గంటలు కనిపెట్టి ఉండండి.

ఇక కట్టు విషయం. పుత్తూరు కట్టు మీద మనవాళ్ళకు నమ్మకం ఎక్కువ. నమ్మకాలతో నాకు పేచీ లేదు. కానీ ఏ కట్టయినా, ఎవరు కట్టినదైనా, మేము వేసిన సిమెంటు కట్టయినా సరే, బిగుసుకుంటే చెయ్యి పోతుంది. వెదురుబద్దలు బిగించి కట్టిన చేతితో మూడోరోజు వచ్చిన ఒక అమ్మాయిని చూశాను. ముంజేతి కండరాలు రక్తం అందక చచ్చిపోయాయి. వేళ్ళు ముడుచుకుని, గోళ్ళలా వంగి ఉండిపోయాయి. కట్టు వేశాక వేళ్ళు నీలంగానో, పాలిపోయినట్టో మారినా, తిమ్మిరెక్కినా, వేలు కదిపితే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. ఆ గంటలోనే కట్టు విప్పించాలి.

ఆ తొమ్మిదేళ్ళవాడికి అయిదు వారాలకు కట్టు తీశాను. చెయ్యి సన్నబడి, పొట్టు రాలుతూ ఉంది. అది మామూలే. వాళ్ళమ్మ పూరీలు చేసే రోజున పిండిముద్ద వాడి చేతికిచ్చి పిసకమన్నాను, వేళ్ళలో పట్టు వస్తుందని. ఇంకో ఆరువారాల దాకా చక్రాలెక్కవద్దన్నాను.

"ఆ తరువాత అటక మీంచి దించమంటారా, డాక్టరు గారూ?"

"దించండమ్మా. మణికట్టు పట్టీలు, హెల్మెట్ ముందు కొనండి. సందులో మాత్రం వద్దు. ఆదివారం పొద్దున బళ్ళు తిరగని నున్నటి గచ్చు ఉన్నచోటికి, ఏ స్కూలు ఆవరణకైనా అడిగి, మీరే తీసుకెళ్ళండి. అప్పటికి వీడి పాదం పెరిగి ఉంటుంది, ఆ జోళ్ళు బిగుతవుతున్నాయేమో కూడా చూసుకోండి."