జిమ్‌కు ఎవరు, ఎందుకు? అపోహలు – వాస్తవాలు

వ్యాయామం అవసరం స్త్రీ పురుషులిద్దరికీ ఒక్కటే. చేసేవారి సంఖ్యలో మాత్రం తేడా ఉంది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2022లో భారతదేశంలోని వయోజన మహిళల్లో 57 శాతం, పురుషుల్లో 42 శాతం మంది తగినంత శారీరక శ్రమ చేయడం లేదు. సమయం, సౌకర్యం, ఇంటి బాధ్యతలతో పాటు కొన్ని అపోహలూ ఇందుకు కారణమే.

అపోహ: మగవారు కండల కోసం, ఆడవారు సన్నబడటం కోసం జిమ్‌కు వెళ్తారు.

వాస్తవం: ఇది సగమే నిజం. కండ, బలం, పోటీ అనే కారణాలు పురుషుల్లో, బరువు తగ్గడం అనే కారణం స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తాయి. అయితే ఆరోగ్యం, ఉల్లాసం, ఒత్తిడి నుంచి ఊరట ఇద్దరూ చెప్పేవే. వయసు పెరిగే కొద్దీ అందం మీద ధ్యాస తగ్గి, షుగర్, బీపీ, మోకాళ్ల గురించిన ఆలోచన ముందుకొస్తుంది. ఏ కారణంతో మొదలుపెట్టినా, వ్యాయామంలో ఆనందం దొరికినవారే ఎక్కువ కాలం కొనసాగిస్తారు.

అపోహ: బరువులెత్తితే ఆడవారికి మగవారిలా కండలు తేలతాయి.

వాస్తవం: కండ పెరుగుదలకు తోడ్పడే టెస్టోస్టిరాన్ స్త్రీలలో పురుషులకన్నా ఎన్నో రెట్లు తక్కువ. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తినంత మాత్రాన భారీ శరీరం రాదు. బలం పెరుగుతుంది, ఎముకలు గట్టిపడతాయి. నెలసరి ఆగిపోయాక ఎముకలు త్వరగా గుల్లబారే ప్రమాదం ఉంది కాబట్టి ఈ వ్యాయామం స్త్రీలకు మరింత అవసరం. స్త్రీలు బరువులెత్తడం కొత్తేమీ కాదు: శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే.

అపోహ: బరువులెత్తడం పట్నం నుంచి వచ్చిన కొత్త మోజు.

వాస్తవం: జిమ్‌లు రాకముందే తెలుగునాట తాలింఖానాలు (వ్యాయామశాలలు) ఉన్నాయి. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామ పాఠశాల నడిపారు. 1963 నాటి ‘నర్తనశాల’లో భీముడిగా కనిపించిన దండమూడి రాజగోపాలరావు స్వతహాగా వెయిట్‌లిఫ్టర్. ఇది పట్నానికే పరిమితమూ కాదు: బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం గ్రామానికి చెందిన రాగాల వెంకట్ రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 85 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచాడు.

అపోహ: ఇంటి పని, పొలం పని చేసేవారికి వేరే వ్యాయామం అక్కర్లేదు.

వాస్తవం: శ్రమ ఏ పనిలో చేసినా లెక్కలోకి వస్తుంది. నాట్లు వేయడం, మోపులు మోయడం నిజంగా కష్టమైన పనులే. కానీ అవి ఏడాది పొడవునా ఉండవు. ట్రాక్టరు, వరికోత యంత్రం వచ్చాక ఆ శ్రమ చాలావరకు తగ్గింది. ఇంటి పనిలోనూ మిక్సీ, వాషింగ్ మెషీన్ వచ్చి చేరాయి. గుంటూరు–తెనాలి దారిలోని వడ్లమూడినే చూస్తే, పొలాల నడుమే విజ్ఞాన్ విశ్వవిద్యాలయం, సంగం డెయిరీ ఉన్నాయి. చదువుకో, ఆఫీసు పనికో గంటల తరబడి కూర్చునేవారికి పొలం ఎంత దగ్గరున్నా శ్రమ అందదు.

అపోహ: పొట్ట వ్యాయామాలతో పొట్ట కరుగుతుంది; చెమట ఎంత కారితే కొవ్వు అంత పోతుంది.

వాస్తవం: శరీరం కొవ్వును ఒక్కచోట నుంచే తీసి వాడుకోదు. పొట్ట వ్యాయామం అక్కడి కండరాన్ని గట్టిపరుస్తుంది. పైనున్న కొవ్వు తగ్గాలంటే తిండి, మొత్తం శ్రమ రెండూ మారాలి. చెమటతో పోయేది ప్రధానంగా నీరు, ఉప్పు. మంచినీళ్లు తాగగానే ఆ బరువు తిరిగి వస్తుంది.

అపోహ: ప్రొటీన్ పౌడర్ లేకుండా కండ రాదు.

వాస్తవం: కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. క్రమం తప్పకుండా బరువులెత్తేవారికి కొంత ఎక్కువ కావాలి. పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, చేపలతోనే ఇది చాలామందికి అందుతుంది. 2024లో ఈ సంస్థ వెలువరించిన ఆహార మార్గదర్శకాలు ప్రొటీన్ సప్లిమెంట్లకు దూరంగా ఉండాలన్నాయి. కండల కోసం వాడే స్టెరాయిడ్లు మరీ ప్రమాదం. అవి గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తాయి, పురుషుల్లో వీర్యకణాల ఉత్పత్తిని తగ్గిస్తాయి.

అపోహ: జిమ్ మానేస్తే కండ కొవ్వుగా మారుతుంది.

వాస్తవం: కండ, కొవ్వు వేర్వేరు కణజాలాలు, ఒకటి మరొకటిగా మారదు. వ్యాయామం మానితే కండ తగ్గుతుంది. తిండి మాత్రం మునుపటిలాగే ఉంటే కొవ్వు పేరుకుంటుంది.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం వంటి మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 65 ఏళ్లు దాటినవారు వారానికి మూడు రోజులు పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలూ చేయాలి. గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. జిమ్ అందుబాటులో లేనివారు చెరువుగట్టు మీద నడిచినా, ఇంట్లో గుంజీలు తీసినా ఫలితం ఉంటుంది.